బర్రెల వరుసలో నా రక్తం

పశువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల మీద పరిశోధన చేసే ఒక ప్రాజెక్టులో నేను మూడేళ్లు ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా పనిచేశాను. పేరు పెద్దదే కానీ పని చిన్నది. బర్రెలున్న ఇళ్లకు పోవాలి, పద్నాలుగు పేజీల ఫారం నింపాలి, బర్రెల రక్తం తీయించి ఐసు డబ్బాలో పెట్టి ల్యాబుకు తేవాలి. తిరిగి వచ్చేముందు ఇంటివాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆ మాటలు నాకు ఎక్కాల్లాగా నోటికి వచ్చు. పాలు కాచి తాగండి. ఈసుకపోయిన బర్రెను, అంటే నెలలు నిండకుండానే దుడ్డెను పోగొట్టుకున్న బర్రెను, ఉత్త చేతులతో ముట్టకండి. మాయను గొయ్యి తీసి పాతిపెట్టండి.

మాది వరంగల్ కాశిబుగ్గలో నేతపని ఇల్లు. తాతల కాలం నుంచి మా ఇంట్లో మగ్గాలకు తప్ప దేనికీ నాలుగు కాళ్లు లేవు. అట్లాంటి ఇంటి నుంచి ఎమ్మెస్సీ చదువుకొని స్కూటీ మీద పోయి, బర్రెల పక్కనే పుట్టి పెరిగినవాళ్లకు బర్రెల గురించి చెప్పేదాన్ని. వాళ్లు ఎంతో ఓపికగా వినేవాళ్లు. చదువుకున్న పిల్ల ఎండలో పడి వచ్చింది, చెప్పుకోనీ అనుకునేవాళ్లేమో.

మా ఫారం చాలా శాస్త్రీయంగా తయారైంది. బర్రె రంగు, కొమ్ముల వంపు, కొట్టం పైకప్పు రేకులా పెంకులా, అన్నింటికీ గడులుండేవి. మనుషుల ఆరోగ్యానికి మాత్రం ఒకటే ప్రశ్న. 'గత రెండు వారాల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా?' అవును, కాదు. ఒక గడిలో టిక్కు పెడితే ఆ ఇంటి ఆరోగ్యం తేలిపోయేది.

ఖిలా వరంగల్‌లో మట్టికోట లోపల ఒక అవ్వ ఇంటికి పోయేదాన్ని. ఆమెకు అరవై దాటి ఉంటాయి. భర్త పోయి ఐదేళ్లయింది. కొడుకూ కోడలూ పొద్దున్నే పనులకు పోతే, మూడు బర్రెలతో ఆమే ఉండేది. టూరిస్టులు తోరణాల ముందు నిలబడి ఫొటోలు దిగే వేళకు ఆమె బర్రెలు అదే దారిలో పేడ వేసుకుంటూ మేతకు పోయేవి. మొదటిసారి పోయినప్పుడు, రెండు వారాల్లో ఎవరికైనా జ్వరమొచ్చిందా అని అడిగాను.

"రాలే బిడ్డా. నాకు నడుం నొస్తది, గది ముసల్తనం."

ముసలితనానికి గడి లేదు. 'కాదు' దగ్గర టిక్కు పెట్టాను.

రెండోసారి పోయినప్పుడు కొట్టంలో ఆమె ఒక్కతే ఉంది. సూడి బర్రె కింద పడి మూలుగుతోంది. ఏడో నెలలోనే ఈసుకపోతోంది. దుడ్డె కాళ్లు సగం బయటికి వచ్చి ఆగిపోయాయి.

"బిడ్డా, జర గీ కాలు పట్టుకో. నేను గుంజుతా," అంది నన్ను చూడగానే.

చేతి తొడుగులు స్కూటీ సీటు కింద ఉన్నాయి. స్కూటీ ఇరవై అడుగుల దూరంలో ఉంది. నేను ఆ ఇరవై అడుగులు నడవలేదు. ఆ ముసలామె రెండు చేతులూ మోచేతుల దాకా తడిసి ఉంటే, ఒక్క నిమిషం ఆగు అవ్వా, నేను శుభ్రంగా తయారై వస్తాను అనడానికి నోరు రాలేదు. చున్నీ నడుముకు కట్టుకొని కాలు పట్టుకున్నాను. దుడ్డె చచ్చిపోయి బయటికి వచ్చింది. మాయ రావడానికి ఇంకో గంట పట్టింది. అదీ నా చేతుల్లోనే పడింది. ఆ వారం గోరు చుట్టూ చర్మం లేచి ఉండేది. అది కూడా అప్పుడు గుర్తు రాలేదు.

అవ్వ బోరింగు దగ్గర సబ్బు ఇచ్చింది, తర్వాత చాయ్ ఇచ్చింది. నేను చాయ్ తాగుతూ ఆనాటి ఫీల్డ్ రిపోర్టు రాశాను. 'రక్షణ చర్యలపై ఇంటివారికి అవగాహన కల్పించబడినది.' మూడేళ్లలో అంత చక్కటి వాక్యం నేను ఇంకొకటి రాయలేదు.

మూడు వారాల తర్వాత జ్వరం మొదలైంది.

పొద్దున బాగానే ఉండేది. సాయంత్రం కాగానే ఒళ్లు కాలేది. తెల్లారేసరికి చెమటతో జాకెట్టు పిండుకునేటట్టు అయ్యేది. మొదటి డాక్టరు రక్తం చూసి టైఫాయిడ్ అన్నాడు, సూదులు ఇచ్చాడు. తగ్గింది, నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. రెండో డాక్టరు డెంగీ అనుకున్నాడు. పరీక్షలో డెంగీ లేదని వస్తే, నా మీద కొంచెం కోపం కూడా తెచ్చుకున్నాడు. మూడో డాక్టరు పెద్ద ఆస్పత్రిలో ఉంటాడు, పేరున్న మనిషి. రిపోర్టులన్నీ తిరగేసి, "ఇంట్లో ఏమైనా టెన్షన్లున్నాయా?" అని మా ఆయన వైపు చూశాడు. మా ఆయన పాపం ఇంటికి వచ్చాక రెండు రోజులు నాతో చాలా మెల్లగా మాట్లాడాడు.

మా అత్తమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఆ ముగ్గురికంటే ఆమె వైద్యమే నయం, సూది నొప్పి లేదు.

మేం పనిచేస్తున్నదే, బర్రెలను ఈసుకపోయేటట్టు చేసి మనుషులకూ అంటుకునే ఈ రోగం మీద. బ్రూసెల్లోసిస్ లక్షణాలను నేనే తెలుగులో రాసి కరపత్రం అచ్చు వేయించాను. సాయంత్రం జ్వరం, చెమటలు, నడుము నొప్పి, నీరసం. ఆ కరపత్రాల కట్ట నా టేబుల్ మీదే ఉండేది, దాని మీద జ్వరం గోలీల డబ్బా పెట్టుకునేదాన్ని. అయినా నాకు తట్టలేదు. రోగమంటే ఫారంలో ఉండేవాళ్లకు వచ్చేది. ఫారం నింపేవాళ్లకు వస్తుందని మా ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

రెండు నెలలకు మళ్లీ అవ్వ ఇంటి వంతు వచ్చింది. స్కూటీ దిగి గోడ పట్టుకొని నిలబడ్డాను. ఆమె గడ్డి కట్ట కింద పెట్టి నన్ను చూసింది.

"ఏంది బిడ్డా గిట్లయినవ్? సగం అయినవ్ గదా."

"జ్వరం అవ్వా. పోతాంది, వస్తాంది."

"పొద్దుగూకంగ వస్తదా?"

"ఆ."

"తెల్లారేటాలకు చెమటలు పడ్తయా?"

"పడ్తయి."

"తుంటి కాడ గుంజుతదా? కూసుంటే లేవబుద్ధి కాదు, లేస్తే నిలవడబుద్ధి కాదు?"

నేను ఆమె వైపు చూశాను. ఏ డాక్టరూ నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

"నీకెట్ల తెలుసవ్వా?"

"ఎట్ల తెల్వది? నాకు గదే వచ్చింది. మా ముసలాయనకు గదే వచ్చింది. బర్రె ఈసుకపోయినప్పుడల్లా మా ఇంట్ల ఎవలకో ఒకలకు వస్తది గా జెరం."

"మరి మొదలు నేనొచ్చి అడిగితే జెరాలు లేవన్నవు?"

"నువ్వు రెండు వారాల సంగతి అడిగినవ్ బిడ్డా. గా రెండు వారాలల్ల రాలే. అంతకుముందటిది అడిగినవా?"

అడగలేదు. గడి లేదు.

ఈసుకపోయిన బర్రె రక్తం తీయించుకొని అక్కడి నుంచి నేరుగా ల్యాబుకు పోయాను. మా ల్యాబులో టెక్నీషియన్‌గా ఒక అక్క ఉండేది. పదిహేనేళ్లుగా పశువుల రక్తమే చూస్తున్న మనిషి. నా రక్తం తీసి చూడమన్నాను.

"ఇక్కడ మనుషులయి చెయ్యొద్దు. తెల్వదా నీకు?" అంది.

"నన్ను గూడ బర్రె అనుకో అక్కా."

ఆమె నవ్వలేదు. నా మొహం చూసి తలుపు దగ్గరికి వేసి రక్తం తీసింది. ఆ రోజు పలక మీద పదకొండు బర్రెల శాంపిళ్లున్నాయి. పన్నెండో చుక్క నాది. ఒక్కొక్కదానిలో గులాబీ రంగు మందు చుక్క వేసి, పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. రోగం లేకపోతే చుక్క నున్నగా గులాబీగానే ఉంటుంది. ఉంటే విరిగిన పాలలాగా గడ్డలు కడుతుంది. నాలుగు నిమిషాల దాకా చూడాలని నియమం. నాది రెండు నిమిషాలు కూడా ఆగలేదు. ఆ వరుసలో తొమ్మిదోది అవ్వ బర్రె. అదీ గడ్డలు కట్టింది. అక్క రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"పెద్ద దవాఖానకు పో. రేపు కాదు, ఇయ్యాల్నే," అంది.

మా ప్రాజెక్టు సారుకు చెప్పాను. సారు మంచివాడు. మైక్ పట్టుకుంటే మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం వేరు కాదని గంటసేపు చెప్పగలడు. నేను చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇది మన స్టడీ డిజైన్‌లో లేదు కదమ్మా. మీరు పశుపోషకుల కేటగిరీలోకి రారు. ఆ శాంపిల్ రిజిస్టర్‌లో ఎక్కించలేదు కదా?"

"లేదు సార్."

"మంచిది. ఆరోగ్యం చూసుకోండి. నెలాఖరుకు మిగతా ఫారాలు వస్తాయి కదా?"

ఆఫీసులో ఇంకో వింత జరిగింది. ఈ జబ్బు ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి అంటుకోవడం చాలా అరుదని మా కరపత్రంలోనే ఉంది. దాన్ని మా ఆఫీసంతా కూర్చొని అక్షరం అక్షరం దిద్దింది. అయినా మర్నాటి నుంచి నా పక్క కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది. చాయ్ ఫ్లాస్కు అవతలి గదికి పోయింది. శాస్త్రం తెలిసినవాళ్లు కదా, మర్యాదగానే జరిగారు.

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. నా పాత చీటీలన్నీ పక్కన పెట్టి, "ఏం పని చేస్తారు?" అని అడిగింది. నాలుగో డాక్టరు దగ్గర నాకు ఆ ప్రశ్న దొరికింది. చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి, "మరి ఇన్ని రోజులు ఏం చేస్తున్నారండీ?" అంది.

మళ్లీ పరీక్ష చేయించి, రెండు రకాల మందులు ఆరు వారాలకు రాసింది. ఒకటి టీబీకి కూడా ఇచ్చే మందు. మెడికల్ షాపాయన గొంతు తగ్గించి, "ఎవరికమ్మా?" అని అడిగాడు. ఆ మందుకు ఒంట్లోంచి వచ్చే నీళ్లన్నీ నారింజ రంగులోకి మారతాయి. ఒకరోజు ఏడుపొచ్చి కళ్లు తుడుచుకుంటే తెల్ల చేతిరుమాలు మీద మరక పడింది. ఎందుకు ఏడ్చానో గుర్తు లేదు, రంగు గుర్తుంది.

జ్వరం రెండో వారానికి పోయింది. నాకు కాస్త నడిచే ఓపిక రాగానే అవ్వను అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమెకూ అదే తేలింది. దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆమె మందుల సంచి ఒళ్లో పెట్టుకొని వింది.

"అయితే ఇది ముసల్తనం కాదన్నట్టు."

"కాదవ్వా."

"ఎనిమిదేండ్ల సంది నడుం నొస్తాంది. అందరు ముసల్తనమన్నరు. నేను గూడ అనుకున్న."

సంచిలోంచి ఒక గోలీల అట్ట బయటికి తీసి చూసింది. తర్వాత అడిగింది.

"మా ముసలాయన రెండేండ్లు మంచం మీదనే ఉండె. నడుం పడిపోయింది. గాయనకు గూడ గీ గోలీలేనా?"

"ఇదే రోగమైతే ఇవే గోలీలు అవ్వా. ఇప్పుడు చెప్పలేం."

"గాయన ఉన్నప్పుడు గూడ ఎవలో ఫారాలు పట్టుకొని వచ్చిన్రు బిడ్డా. బర్రె రంగేందని అడిగిన్రు."

నా దగ్గర వెటకారం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ వరండాలో మాత్రం ఒక్క ముక్క రాలేదు. బస్సెక్కి ఆమెను ఇంటిదాకా దింపి వచ్చాను.

బర్రె సంగతి తేలలేదు. సారును అడిగితే, రోగమున్న పశువును మందలోంచి తీసేయాలి, ఎవరికీ అమ్మకూడదు, పద్ధతి అదేనన్నాడు. ఎవరు తీసేయాలి, ఎక్కడికి అంటే, అది వేరే డిపార్టుమెంటన్నాడు. అవ్వకు అదే మాట చెప్పాను.

"అమ్మద్దంటరు, ఉంచద్దంటరు. మరి దాన్నే అడుగు, ఏడికి పోతవే అని," అంది.

చివరికి దాన్ని ఇంటి వెనక వేరే కట్టేసింది. దాని కుడితి తొట్టి వేరు చేసింది. పాలు పొంగి పొంగి సగమయ్యేదాకా కాచేది. అది సరైన పరిష్కారమని నేను అనను. మా దగ్గర అంతకంటే మంచిది లేదు.

ఏడాదికి ప్రాజెక్టు ముగిసింది. దిండంత రిపోర్టు వచ్చింది. ప్రజల్లో అవగాహన పెరిగిందని, దానికి మా పోస్టర్లు కారణమని అందులో ఉంది. నిజానికి ఖిలాలో ఎవరి బర్రె ఈసుకపోయినా అవ్వే ఆ ఇంటికి పోయి కూర్చొని, ఎవరికి నొప్పులు, ఎన్నాళ్ల సంది అని ఆరా తీసేది. ముగ్గురిని దవాఖానకు పంపింది. వాళ్లలో ఇద్దరికి ఆ రోగమే. అవ్వ సంగతి రిపోర్టులో లేదు. ఆమె నడుము నొప్పి పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు గడ్డికట్ట తనే ఎత్తుకుంటుంది.

నాకు చలికాలంలో తుంటి కొద్దిగా పట్టేస్తుంది. ఇప్పుడు ఎనుమాముల మార్కెట్టు దగ్గర, విదేశాలకు పంపే మిర్చి నాణ్యత చూసే ల్యాబులో పనిచేస్తున్నాను. మిర్చిలో బూజు విషం ఉందా, పురుగుమందు ఎంత ఉంది అని చూస్తాం. విదేశాల్లో తినేవాళ్ల కడుపుల మీద మాకు చాలా శ్రద్ధ. చేరిన మొదటి రోజు, షెడ్డులో మిర్చి తొడిమలు తీస్తున్న ఒకామె ఆగకుండా దగ్గుతుంటే, "ఎన్ని రోజుల సంది అక్కా?" అని అడిగాను. మా సూపర్‌వైజర్ పక్కకు పిలిచి, అది మన పని కాదు మేడమ్ అన్నాడు. సరేనన్నాను. మర్నాడు అన్నాల వేళ ఆమె పక్కన కూర్చొని మళ్లీ అడిగాను. ఆమె అరగంట చెప్పింది.