రెండో పాదం మరిచిపోయే మాస్టారు

మరుపు మాస్టారికి లోకంలో ఉన్న పాటలన్నిటిలోనూ మొదటి పాదం వచ్చు. రెండో పాదం ఒక్కదానిలోనూ రాదు.

గొంతుకి మాత్రం వంక పెట్టడానికి లేదు. కళ్లు మూసుకుని ఎత్తుకున్నారంటే దారిన పోయేవాళ్లు సైకిలు దిగి నిలబడవలసిందే. మొదటి పాదం అయ్యేది. మాస్టారు కళ్లు తెరిచి, కళ్లజోడు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునే మనిషిలా అటూ ఇటూ చూసి, ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్లని అడిగేవారు.

"తర్వాత ఏమిటి చెప్మా?"

ఆ ప్రశ్నకి ఇరవై ఆరేళ్లుగా జవాబు చెబుతున్నవాడు ఆయన బావమరిది. పగలు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, సాయంత్రం మాస్టారి బృందంలో హార్మోనియం వాయిస్తాడు. హార్మోనియం మీద దిండంత నోటుబుక్కు, అందులో మూడువందల పన్నెండు పాటలు. కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి తిత్తి మీద, కళ్లు నోటుబుక్కు మీద, చెవులు బావ మీద. "నాకు మూడో చెయ్యి ఉంటేనా, మీ ఆయన నెత్తిన ఒక్కటిచ్చేవాణ్ణి" అని అక్క దగ్గర వందసార్లు అనుంటాడు. బావ ఎదురుగా మాత్రం అనలేడు. చిన్నప్పుడు అతనికి బాగా నత్తి. ఇప్పుడు చాలావరకు పోయింది గానీ, కోపం వస్తే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోతుంది. అది కదిలేలోగా మాస్టారు ఇంకో పాట మరిచిపోయి ఉంటారు.

పసిపిల్లగా ఉన్న కూతురికి జోల పాడుతూ రెండో పాదం పిల్లనే అడిగేవారు మాస్టారు. పిల్ల నిద్ర మానేసి ఆలోచించేది. మూడేళ్లు నిండేసరికి దానికి రాని పాట లేదు. నిద్ర మాత్రం రాదు.

పోస్టుమాస్టరుగారి పదవీ విరమణ సభలో అయితే, సన్మానం అందుకోవలసిన పెద్దమనిషి చేతే పాటంతా పాడించి, "భేషుగ్గా పాడారండీ" అని ఆయన మెడలో దండ వేసి వచ్చారు.

ఇలా రోజులు నవ్వుతూ గడిచిపోతుండగా సరిహద్దు అవతల యుద్ధం వచ్చింది. మూటలూ ముల్లెలతో నూట ఎనభై మంది ఈ ఊరికి చేరారు. వాళ్లని పాత ఆటల హాల్లో ఉంచారు. దాంతో ఊరు రెండుగా చీలింది. వాళ్లని ఉండనివ్వాలని సగం, పంపించెయ్యాలని సగం. ఒకే బెంచీ మీద టీ తాగేవాళ్లు చెరో కొట్టూ వెతుక్కున్నారు.

బృందంలోనూ అదే గొడవ. ఫ్లూటు వాయించే మందులషాపాయన ఉండనివ్వాలంటాడు. డోలు వాయించే బస్సు డ్రైవరు పంపించెయ్యాలంటాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు, మధ్యలో హార్మోనియంతో మాట్లాడతారు.

"కాస్త నెమ్మదిగా వాయించమని ఆయనకి చెప్పవయ్యా."

"ఊపిరి చాలకపోతే మందులు ఆయన షాపులోనే దొరుకుతాయని చెప్పు."

ఒకరోజు రెండు పక్షాలూ ఒకే కూడలిలో సభ పెట్టుకున్నాయి. మైకులు అరుస్తున్నాయి. చెప్పులు కాళ్లలోంచి చేతుల్లోకి వచ్చే సమయానికి, మాస్టారు బృందంతో సహా సరిగ్గా మధ్యలో చాప పరిచి కూర్చున్నారు. అందరి ఇళ్లలోనూ ముసలమ్మలు పాడే పాత పడవపాట ఎత్తుకున్నారు.

"ఆవలి గట్టున దీపం వెలిగెను... తర్వాత ఏమిటి చెప్మా?"

"ఈవలి గట్టున పడవ ఉన్నది!" అని ఎడమవైపు నుంచి ఎవరో అరిచారు.

"ఉన్నది కాదు, లేదు! ఈవలి గట్టున పడవే లేదు!" అని కుడివైపు నుంచి ఇంకొకరు.

"మా అమ్మమ్మ ఉందనే పాడేది!"

"మీ అమ్మమ్మ చూసొచ్చిందా?"

"మూడో పాదం పాడి చూస్తే తేలుతుందేమో" అన్నారు మాస్టారు అమాయకంగా. "అది ఎవరికైనా వచ్చా?"

పడవ ఉందో లేదో తేల్చడానికి ఊరంతా కలిసి పదకొండో చరణం దాకా పాడింది. తేలలేదు. బందోబస్తుకి వచ్చిన ఇన్‌స్పెక్టరు కూడా ఊపులో "పడవ ఉన్నది" అనేసి, తనది ఏ పక్షమూ కాదని తర్వాత అందరికీ విడివిడిగా చెప్పుకోవలసి వచ్చింది.

మర్నాటికి మళ్లీ మామూలే. అప్పుడు మాస్టారు ఆ ఆటల హాల్లోనే పాట పెడదామన్నారు. ఊళ్లో రెండు పక్షాలనీ పిలుద్దామన్నారు.

"మీ మొహం చూసి వస్తాను మాస్టారూ. నాకు ఇదే ఆఖరు" అన్నాడు డ్రైవరు.

"ఆయన ఆఖరంటే నేను ఇంకెందుకు? నాకూ ఇదే ఆఖరు" అన్నాడు మందులషాపాయన.

ఇరవై ఆరేళ్ల బృందం ఒక్క సాయంత్రానికి వచ్చి ఆగింది. అది తలుచుకుంటే బావమరిదికి అన్నం సయించలేదు. హాల్లో ఉన్న ఒకాయన దగ్గర కూర్చుని వాళ్ల పాట ఒకటి, అర్థం తెలియకపోయినా అక్షరం పొల్లుపోకుండా మన లిపిలో రాసుకొచ్చాడు. మూడువందల పదమూడో పాట. బావకి ఒకసారి పాడి వినిపించాడు. బావ మరిచిపోయినా తను అందించాలి కదా.

హాల్లో పాట పెట్టిన రోజు పొద్దున హార్మోనియం కోసం అక్కగారింటికి వెళ్లాడు. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు, దాని మీద పాట. అదే మూడువందల పదమూడోది. మొదటి పాదం అయింది. రెండోది వచ్చింది. మూడోది, నాలుగోది, చివరిదాకా. ఆ తర్వాత పడవపాట, పదకొండు చరణాలూ.

అక్క బట్టలు మడతపెడుతోంది.

"అక్కా, బ... బ... బావకి..."

"ఆయనకి రాని పాట ఏముందిరా? రోజూ ఇంతే. నీకు తెలియదా?"

"మరి నన్నెందుకు అడుగుతాడు?"

"అది ఆయన్నే అడుగు" అని అక్క నవ్వు దాచుకుంది.

అతనికి ఒళ్లు మండిపోయింది. మూడువందల పన్నెండు పాటలు రాసి రాసి వేళ్లు కాయలు కాశాయి! ఇన్నేళ్లుగా తనని వెర్రివాణ్ణి చేశాడన్నమాట. సరే, ఇవాళ తేల్చుకుందామనుకున్నాడు.

హాల్లో వరసగా మంచాలు, వాటి మధ్య తాళ్ల మీద ఆరేసిన బట్టలు. ఊరివాళ్లు తలుపుకి ఇటు సగం, అటు సగం నిలబడ్డారు. హాల్లోవాళ్లు మర్యాదగా కూర్చున్నారు. వాళ్ల కోసం ఎవరో ఒకరు వచ్చి పాడుతూనే ఉన్నారు, ఫొటో దిగి వెళుతూనే ఉన్నారు. పాట అయిందనగానే ఎన్ని చప్పట్లు కొట్టాలో వాళ్లకి అలవాటైపోయింది. ముందు మంచం మీద ఉన్న ముసలావిడ, కళ్లజోడు కాడకి దారం కట్టుకున్నావిడ, అసలు ఎవరివైపూ చూడటం లేదు.

మాస్టారు కళ్లు మూసుకుని వాళ్ల పాట ఎత్తుకున్నారు. ముసలావిడ తల తిప్పింది. మొదటి పాదం అయింది.

"తర్వాత ఏమిటి చెప్మా?"

బావమరిది నోటుబుక్కు మూసేశాడు.

"నాకూ గుర్తులేదు బావా" అన్నాడు, హాలంతా వినబడేలా.

ఇప్పుడు పాడక ఏం చేస్తాడో చూద్దామని అతను చేతులు కట్టుకున్నాడు. మాస్టారు ఒక్క క్షణం బిత్తరపోయారు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. ఇంతకాలానికి శిష్యుడికి పాఠం వచ్చిందన్నంత సంబరంగా బావమరిది వైపు చూసి, మళ్లీ ఎత్తుకుని, రెండో పాదాన్ని ఘోరంగా పాడారు. మాటలు తప్పు, రాగం తప్పు. అంతటి గొంతులోంచి అంత చెడ్డ పాట రావడం అందరూ అదే మొదటిసారి వినడం.

ముసలావిడ ఇక భరించలేకపోయింది. రెండు చేతులూ ఊపుతూ లేచి, మాస్టారి భుజం పట్టుకుని ఆపి, తనే పాడింది. గొంతు వణికింది గానీ పాదం తప్పలేదు. తప్పలేదని ఆవిడ అనుకుంది. వెనక మంచం మీద నుంచి ఒక ముసలాయన లేచి, కాదు కాదంటూ ఇంకోలా పాడాడు. ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుంది. ఆవిడ వెనక నలుగురు, ఆయన వెనక నలుగురు. చూస్తుండగానే హాలంతా వాదిస్తోంది, వాదిస్తూనే పాడుతోంది.

డ్రైవరు పగలబడి నవ్వాడు. "ఓరినీ! వీళ్లకీ పడవ గొడవేనా?"

నవ్వుతూనే డోలు అందుకున్నాడు.

"కాస్త నెమ్మదిగా వాయించవోయ్" అన్నాడు మందులషాపాయన. నేరుగా అతనితోనే అన్నాడు.

బావమరిది మెట్ల మీద వేళ్లు పెట్టాడు గానీ కళ్లకి ఏమీ కనిపించలేదు. అతనికి పంతొమ్మిదో ఏడు గుర్తొచ్చింది. నత్తికి భయపడి బస్సు టికెట్టు కూడా కాగితం మీద రాసి అడిగే రోజులు. అక్క పెళ్లయిన కొత్త. గ్రంథాలయం సభలో కొత్త బావ మొదటి పాదం పాడి, అంతమందిలోనూ మూల కూర్చున్న తనవైపు తిరిగి, తర్వాత ఏమిటి చెప్మా అన్నాడు. మాటగా అయితే రాకపోను. పాటగా వచ్చింది, ఒక్క అక్షరం తట్టుకోకుండా. దాని తర్వాత మూడువందల పన్నెండు.

పాట అయ్యాక హార్మోనియం మోసుకుని ఇద్దరూ నడిచి వస్తున్నారు. డ్రైవరు అభిప్రాయమేమీ మారలేదు. కాకపోతే వెళ్లేముందు, రేపు రిహార్సల్ ఎన్నింటికని అడిగాడు. మందులషాపాయన అతనికే జవాబు చెప్పాడు.

"బావా, అక్క పెళ్లయిన ఏడు, గ్రంథాలయంలో... ఆ రోజు నువ్వు నిజంగానే మరిచిపోయావా?"

మాస్టారు నిలబడి చాలాసేపు ఆలోచించారు.

"ఏ గ్రంథాలయం? ఏమోనోయ్, నాకేమీ గుర్తులేదు."

నాలుగు అడుగులు వేసి పడవపాట మొదటి పాదం ఎత్తుకున్నారు. అది అవగానే ఆగి, అటూ ఇటూ చూసి, అతనివైపు తిరిగారు.

బావమరిది నడివీధిలో, గొంతెత్తి రెండో పాదం అందుకున్నాడు.