టీచరుగారు మూయనివ్వని ఫిర్యాదు

సోమవారం తెల్లవారుజామున మా టీచరుగారు ఏలూరులో కూతురింట్లో కన్నుమూశారు. రేషన్ యంత్రం గురించి ఆమె పెట్టిన ఫిర్యాదు అప్పటికింకా తెరిచే ఉంది.

కొల్లేరు ఒడ్డున మా ఊరి బడిలో ఆమె నాకు లెక్కలు చెప్పారు. లెక్క చేసి చూపించాక బోర్డు వెంటనే తుడిచేవారు కాదు. వెనక బెంచీ వైపు తిరిగి, "వచ్చిందా? మీరు చెబితేనే తుడుస్తాను" అనేవారు. ఎవరూ చెప్పకపోతే గంట కొట్టినా లెక్క అలాగే ఉండేది. తర్వాత వచ్చే తెలుగు మాస్టారు మిగిలిన చోట పద్యం రాసుకునేవారు.

రిటైరయ్యాక, మండలంలో ఆన్‌లైన్ సేవల కమిటీ వేసినప్పుడు ప్రజల తరఫున సభ్యురాలయ్యారు. ఆ సమావేశాలకు నేను విలేకరిగా వెళ్లేవాణ్ణి. ఆమె ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చునేవారు. ఎవరికి వినపడటం లేదో అక్కణ్ణుంచే తెలుస్తుందనేవారు.

మా ఊరి షెడ్డులో, ఐసులో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల వేలిముద్రలు అరిగిపోతాయి. రేషన్ యంత్రం వాటిని తీసుకోదు. బియ్యం ఇచ్చే రోజుల ముందు వాళ్లు కూలి మానుకుని చేతులు ఆరబెట్టుకునేవారు. ఆ సంగతే టీచరుగారు తన ఫోన్ నుంచి ఫిర్యాదు చేశారు. కార్యాలయం వాళ్లు యంత్రం మార్చి, పరిష్కారమైందని ఫిర్యాదు మూసేశారు. వేళ్లు మాత్రం అవే.

ఫిర్యాదు చేసినవాళ్లు సరేనంటే తప్ప మూయకూడదని ఆమె కమిటీలో పట్టుబట్టారు. పెండింగ్ ఎక్కువ కనిపిస్తే పైనుంచి మాట పడాల్సొస్తుందని అధికారి నచ్చజెప్పబోయారు.

"ఉన్నదేగా బాబూ కనిపించేది. కనిపించనివ్వండి."

ఆ సమావేశానికి వచ్చిన రొయ్యలు ఒలిచే ఆడవాళ్లలో టీచరుగారి పాత శిష్యురాలొకావిడ ఉంది. "బళ్లోనే అనుకున్నామండీ, ఆఫీసర్లనీ వదిలేలా లేరు" అంది. టీచరుగారితో పాటు అధికారీ నవ్వారు.

చాలా సమావేశాల తర్వాత కమిటీ ఒప్పుకుంది. తాడేపల్లిగూడెం నుంచి ఇంజనీరు వచ్చి ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్ మార్చాడు. టీచరుగారి ఫిర్యాదు మళ్లీ తెరుచుకుంది. దాని మీదే, కంటిపాపతో గుర్తించే యంత్రం కావాలని కార్యాలయం వాళ్లు పైకి రాశారు. అదింకా రాలేదు.

ఇప్పుడు సరేననాల్సిన మనిషి లేరు కనుక ఫిర్యాదు మూసేద్దామని కార్యాలయం ప్రతిపాదించింది. మూసేస్తే యంత్రం కోసం రాసిందీ అక్కడితో ఆగిపోతుంది.

సమాధుల తోట దగ్గర ఆ శిష్యురాలు నాతో మెల్లగా చెప్పింది: "టీచరుగారు పెట్టింది మా వేళ్ల గురించండీ. అయిందో లేదో మేం చెప్తాం."

కమిటీ గురువారం ఉదయం కూర్చుంటుంది. మొదటి అంశం ఇదే. షెడ్డు ఆడవాళ్లు ఆ పూట పని మానుకుని వస్తున్నారు. వెనక వరస కుర్చీలు ఉంచమని ముందే చెప్పి పంపారు.