మొదటి గ్లాసు నాది

బీరు కాచాలన్న ఆలోచన నాకు కోపంలోంచి పుట్టింది.

అబిడ్స్‌లో నేను సైన్సు టీచరమ్మగా పనిచేసే స్కూల్లో పీటీ సారు రిటైరయితే, స్టాఫంతా కలిసి ఆయనకు పార్టీ ఇచ్చాం. ఎవరో చెప్పారని ఊరికి ఆ చివర, బీరు అక్కడే కాచి అక్కడే పోసే ఒక పెద్ద చోటుకు వెళ్ళాం. కార్డు చూసి, హాప్స్ అనే పూలు ఎక్కువ వేసిన చేదు బీరు ఒకటి నేను చెప్పాను. నా నోటితో నేనే చెప్పాను. పీటీ సారుకు షుగరు, ఆయన ఉప్పేసిన నిమ్మసోడా చెప్పాడు. వెయిటర్ ట్రే పట్టుకొచ్చి, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా బీరు సారు ముందు పెట్టాడు. సోడా నా ముందు పెట్టి, అందులో స్ట్రా కూడా వేసి వెళ్ళాడు. టేబులంతా ఘొల్లున నవ్వింది. మేం గ్లాసులు మార్చుకున్నాం, అంతటితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట మీదే మొదటి గుక్క తాగాను. నారింజ తొక్క గోటితో గిచ్చినప్పటి వాసన, వెనకాలే కాకరకాయ చేదు. ఆ చేదు మింగేశాక ఇంకో గుక్క కావాలనిపించింది. అంత బాగుంది కాబట్టే కోపం ఇంకా పెరిగింది.

నేను పల్లెటూరిలో పుట్టినదాన్ని. మా ఊళ్ళో చెట్టు మీంచి కల్లు దిగితే, నేల మీద రెండు చుక్కలు వదిలి, మొదటి రేక మా నాయనమ్మ చేతికే ఇచ్చేవారు. మడిచిన తాటాకు రేకను రెండు చేతులా పట్టుకుని, అందరి మధ్యా కూర్చుని తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఆ ఏడు ఏ మడిలో ఏం వెయ్యాలో ఆమే చెప్పేది. ఎవరూ నవ్వేవారు కాదు. ఆమె మనవరాలిని నేను. రెండు డిగ్రీలు చదివి, నలుగురికి పాఠాలు చెబుతూ, డబ్బిచ్చి అడిగిన గ్లాసు నా ముందు పెట్టించుకోలేకపోయాను.

ఆ రాత్రే మా ఆయనతో అన్నాను: "బీరు ఇంట్లనే చేస్త. మొదటి గ్లాసు మాత్రం నాది."

ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నీదే, నీదే" అన్నాడు. కాసేపటికి ఏదో గుర్తొచ్చి, "ఎక్సైజోల్లకు తెలిస్తే ఎట్ల?" అన్నాడు.

"నేనేమన్న గల్లీల దుకాణం పెడుతున్ననా?"

మా ఆయన గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో క్లర్కు. నాంపల్లి గల్లీలో ఆయన తాతలనాటి ఇంట్లో మేమిద్దరం, మా అత్తమ్మ ఉంటాం. ఆ ఇంట్లో మగవాళ్ళు తాగడం కొత్త కాదు. వాళ్ళు తాగుతుంటే ఆడవాళ్ళు పల్లీలు వేయించి అందించడమూ కొత్త కాదు.

బార్లీ కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్ళాను. కిలోల లెక్కన అడిగేసరికి దుకాణం సేటు నన్ను జాలిగా చూశాడు.

"సారుకు కిడ్నీల రాళ్ళా మేడం?"

"లేవు."

"మరి మామగారికా?"

"ఆయన లేరు."

"అయ్యో" అని ఆయన తూకం వేస్తూనే, పొద్దున్నే పరగడుపున ఎలా కాచి తాగించాలో చెప్పాడు. ఆ బార్లీ నా కోసం కావచ్చన్న మాట ఆయనకు తట్టనే లేదు. రాళ్ళు కూడా మగవాళ్ళ కిడ్నీల్లోనే పడాలి కాబోలు!

పెసలు కట్టినట్టు ఆ బార్లీని తడిగుడ్డలో మూట కట్టి మొలకల కోసం ఎదురుచూశాను. మొలకలు రాలేదు, కంపు వచ్చింది. అది పాలిష్ పట్టిన గింజ, ఎన్నాళ్ళు నానబోసినా మొలకెత్తదు. మిగిలిన బార్లీతో అత్తమ్మ రోజూ జావ కాచింది. మా ఆయన మూతి ముడుచుకుంటూ తాగాడు. రాళ్ళు లేని కిడ్నీలకు కూడా వైద్యం జరిగింది.

ఇక లాభం లేదని, మొలకెత్తించి ఎండబెట్టి పలుకులుగా ఆడించిన మాల్టు, హాప్స్, బీరు పులియడానికి వేసే ఈస్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పార్సిల్ తెచ్చినతను గడపలో నిలబడి, "సార్ లేరా? సార్ పార్సిల్ వచ్చింది" అన్నాడు. డబ్బా మీద నా పేరుంది. నా పేరు కింద నా ఫోన్ నంబరుంది. ఆ నంబరుకే అతను ఫోన్ చేశాడు, నేనే ఎత్తాను. అయినా సార్ పార్సిలే! "సార్ స్నానం చేస్తుండు, నాకిస్తే నడుస్తదా?" అని అడిగి తీసుకున్నాను. వెటకారం చేస్తే అర్థమవాలి కదా, అతను "నడుస్తది మేడం" అని ఇచ్చి వెళ్ళాడు.

ఒక ఆదివారం కాచాను. పెళ్ళిళ్ళకు వాడే పెద్ద గంజులో వేడినీళ్ళు పోసి మాల్టు నానబెట్టాను. మా ఆయన పాత పంచెలో వడకట్టి, ఆ తీపి నీళ్ళను పొయ్యి మీదికి ఎక్కించాను. పూలపొడి అదిమి చేసిన ఆ హాప్స్ చూడటానికి పశువుల దాణాలా పచ్చటి గుళికలు. మరిగే నీళ్ళలో పడగానే ఇల్లంతా ఘాటు లేచింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి "ఏం కాస్తున్నరు?" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "దగ్గు మందు" అంది. పరువు కోసం అందనుకున్నాను.

గంగాళంలో ఐసు నీళ్ళు పోసి, అందులో గంజు పెట్టి చల్లార్చాను. ఈస్టు కలిపి, గాలి బయటికి పోవడమే తప్ప లోపలికి రాని మూత ఉన్న డబ్బాలో పోసి, మామిడికాయ తొక్కు జాడీలుండే చీకటి గదిలో పెట్టాను. రెండో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి డబ్బా మూత తీసి ఉంది. పక్కన గరిటె, గిన్నె ఉన్నాయి. గిన్నె నిండా నురుగు!

"గింత నురుగొచ్చింది బిడ్డా, పొంగి పొర్లుతున్నది" అంది అత్తమ్మ, పని చేసిపెట్టిన సంతోషంతో. "పప్పుల నురుగు తీసినట్టు తీసి పారేసిన. తియ్యకుంటే కడుపు ఉబ్బుతది."

గరిటె నేలకేసి కొట్టాను. ఆ నురుగే బీరుకు తల్లి, దాన్నెవరన్నా తీస్తారా, గాలి తగిలితే పులుపెక్కి పాడవుతుంది, చెయ్యి పెడితే పాడవుతుంది, ఇన్ని రోజుల నా కష్టం బూడిదలో పోసినట్టు చేశారని అరిచాను. అత్తమ్మ బెదరలేదు. నడుం మీద చెయ్యేసుకుని అంతా విని, "అంటే తొక్కు జాడీ లెక్కనా? గా మాట ముందుగాల చెప్పద్దా?" అంది.

ఆ రోజు నుంచి ఆ డబ్బాకు తొక్కు జాడీ మర్యాదలన్నీ మొదలయ్యాయి. తడిచెయ్యి తగలకూడదు. స్నానం చెయ్యనివాళ్ళు గదిలోకి రాకూడదు. మా ఆయన కటింగ్ చేయించుకుని నేరుగా ఆ గదిలోకి పోబోతే, "ఏంది గట్ల జొరబడుతున్నవ్? తలకు పోసుకుని రా పో" అని గడపలోనే ఆపేసింది. రోజూ మధ్యాహ్నం తలుపు దగ్గర పీట వేసుకుని, డబ్బాలోంచి వచ్చే బుడబుడ వింటూ కూర్చునేది. నేను రాగానే, "ఇయ్యాల జర తక్కువున్నది" అనో, "మంచిగనే ఉన్నది" అనో చెప్పేది. నురుగు మళ్ళీ కట్టింది, బీరు బతికింది. సీసాలు ఉడకబెట్టి, కాస్త చక్కెర వేసి నింపి, మూతలు బిగించి మళ్ళీ అదే గదిలో పెట్టాం. గ్యాసు పట్టేదాకా మళ్ళీ కాపలా. కాపలా కూడా అత్తమ్మే.

సీసాలు తయారయ్యేసరికి మా నాంపల్లి మైదానంలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్, నుమాయిష్ వచ్చింది. నాంపల్లిలో ఇల్లుందంటే, నుమాయిష్‌కు వచ్చే తెలిసినవాళ్ళందరి బళ్ళూ మా గేటు లోపలే ఉంటాయి. బండి పెట్టినవాళ్ళు చాయ్ తాగకుండా పోరు. ఆ ఆదివారం మా ఆయన ఆఫీసు స్నేహితులు ముగ్గురు వచ్చారు. ముందురోజే నేను సీసాలన్నీ ఫ్రిజ్‌లో పెట్టుకున్నాను. వీళ్ళు చాయ్ తాగి నుమాయిష్‌కు పోతారు, ఆ తర్వాత పెరట్లో కూర్చుని నా గ్లాసు నేను పోసుకుంటాను అనుకున్నాను.

"మిర్చీలు ఎయ్యరాదు" అని మా ఆయన వంటింట్లోకి వచ్చి చెప్పి, ఫ్రిజ్ తెరిచి చాలాసేపు ఏదో వెతికాడు. మంచినీళ్ళు అనుకున్నాను. నూనె కాగింది. శనగపిండిలో మిరపకాయ ముంచి మూకుడులోకి వదులుతుండగా, హాల్లోంచి ఆ చప్పుడు వినిపించింది. మూత ఊడి గ్యాసు తన్నుకొచ్చిన చప్పుడు. అన్ని రోజులు నేను ఎదురుచూసిన చప్పుడు! రెండు చేతులకూ పిండి, ఎదురుగా సలసల కాగే నూనె.

"జర ఆగున్రి!" అని అరిచాను.

"తొందరలేదు వదినా, నిమ్మళంగ తీస్కరా" అన్నాడొక స్నేహితుడు. నా కేక మిర్చీల కోసమే అనుకున్నాడు.

అక్కడి మాటలన్నీ వంటింట్లోకి వినపడుతూనే ఉన్నాయి. "మస్తుందన్నా, ఎట్ల చేసినవ్?" అని ఒకడు అడిగాడు. "ఏమున్నది, మాల్టు నానబోసినం, గదేదో ఆకు మసాలా ఏసినం, మూత పెట్టి వదిలేసినం" అన్నాడు మా ఆయన. ఏసినమట! వదిలేసినమట! "చేదున్నది, జర ఐసు ఉంటే తెస్తవా వదినా?" అని ఇంకొకడు. చేదు కోసమే కాచిన బీరులో ఐసు! "నీ చేతిల ఏదో ఉన్నదన్నా" అని మూడోవాడు. ఏ చేతిలో? రిమోట్ పట్టుకున్న చేతిలోనా?

పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి బల్ల మీద ఆఖరి సీసా వంగి ఉంది.

"నా గ్లాసేది?" అన్నాను.

అందరూ నన్ను చూశారు. మా ఆయన మొహంలో కపటం లేదు, అదే నన్ను ఎక్కువ మండించింది. నిజంగా ఆశ్చర్యపోయాడు. "నువ్వు తాగుతవా? ఉప్పు చూసినట్టు జర చూస్తవనుకున్న" అన్నాడు.

ఉప్పు చూడటం! ఇన్నేళ్ళ కాపురంలో నేను రుచి చూసినవన్నీ ఆయన దృష్టిలో ఉప్పు చూడటమేనన్నమాట. పళ్ళెం బల్ల మీద పడేసి, ఖాళీ సీసాలు ఒడిలో వేసుకుని వంటింట్లోకి వచ్చేశాను. బురదబురదగా ఉందని ఒక్కో సీసా అడుగున కొంచెం మడ్డి వదిలేశారు. అవన్నీ ఒక స్టీలు గ్లాసులోకి వంచాను. ఏ సీసాలోంచీ గుక్కెడు కూడా రాలేదు, అన్నీ కలిపితే గ్లాసు నిండింది. నేల మీద రెండు చుక్కలు వదిలి తాగాను. మడ్డిలో కూడా నారింజ తొక్క వాసన ఉంది, చేదు ఉంది. బాగా వచ్చింది, నేను చేసింది బాగా వచ్చింది. ఏడుపొచ్చింది. మగవాళ్ళు వదిలేసిన అడుగు నాకు మొదటి గ్లాసు అయింది.

సగం తాగాక చూస్తే తలుపు దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. నన్ను కాదు, గ్లాసును చూస్తోంది.

"మంచిగొచ్చిందా?" అంది.

"వచ్చింది."

ఆమె లోపలికి వచ్చింది. గూట్లోంచి తన స్టీలు గ్లాసు తీసి, కొంగుతో తుడిచి, నా ముందుకు చాచింది.

"మీరు తాగుతరా అత్తమ్మా?" అన్నాను.

నోరు జారాక వినిపించింది నాకు. అదే మాట, అదే ఆశ్చర్యం. హాల్లో నేను మా ఆయనను ఎలా చూశానో, అత్తమ్మ నన్ను అలాగే చూసింది.

"రోజూ తలుపు కాడ కావలున్నది నేనే గద బిడ్డా" అంది. "నాకు కావాల్నా అని ఒక్కరన్న అడిగిన్రా? నువ్వన్న అడిగినవా?"

మిగిలిన సగం ఆమె గ్లాసులో పోశాను. ఒక గుక్క తాగి మొహమంతా చిట్లించి, "అబ్బ, చేదు" అంది. ఆగకుండా మిగతాదీ తాగేసింది.

"ఇంకో ప్లేటు మిర్చీలు!" అని హాల్లోంచి కేక వినిపించింది.

అత్తమ్మ ఎడమ చేత్తో స్టవ్ ఆపేసి, కుడి చేత్తో ఖాళీ గ్లాసు మళ్ళీ నా ముందుకు చాచి, "మల్లెప్పుడు కాస్తవ్?" అంది.