గురువారం గిన్నెలు

హార్లన్ డెక్కర్ ఇంట్లో జట్టు కుర్రాళ్ళకి పెట్టే గురువారం భోజనాలకు ఒక కట్టుబాటు ఉంది. తిన్నవాడు ఎవడి పళ్ళెం వాడు కడుక్కుని పోవాలి. జట్టు విడిచి వెళ్ళిపోయేవాడు మాత్రం తన ఆఖరి గురువారం నాడు బల్ల మీది గిన్నెలన్నీ ఒక్కడే తోమాలి. ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. ఇది ఎవరో కూర్చుని పెట్టిన నియమం కాదు. చాలా ఏళ్ళ కిందట ఒక కుర్రాడు చదువు ముగించుకుని వెళ్ళిపోతూ, కళ్ళనీళ్ళు ఎవరికీ కనబడకుండా సింకు వైపు తిరిగి, అందరి పళ్ళేలూ తోముతూ నిలబడిపోయాడు. మరుసటి ఏడు వెళ్ళేవాళ్ళు కూడా అలాగే చేశారు. అంతే, అది శాసనమై కూర్చుంది.

ఆ జనవరిలో అందరి కళ్ళూ ఓబీ చేతుల మీదే ఉన్నాయి.

ఓహాయోలో బీట్‌దుంప పొలాల మధ్య ఉన్న హాడ్లీ స్టేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గొప్పదీ కాదు, తీసిపారేసేదీ కాదు. ఏడాదికి ఆరు ఆటలు గెలిస్తే ఊళ్ళో వాళ్ళు జట్టు టోపీలు పెట్టుకుని తిరుగుతారు, నాలుగే గెలిస్తే కోచ్‌ని తిడతారు. డెక్కర్ అక్కడ లైన్ కోచ్. లైన్ కుర్రాళ్ళంటే బంతి ముట్టుకోకుండా నాలుగేళ్ళు ఆడేవాళ్ళు. మీదికి దూసుకొచ్చే మనుషుల్ని అడ్డంగా నిలబడి ఆపడం, వెనక బంతి విసిరేవాడిని కాపాడటం, ఇదే వాళ్ళ పని. వాడు బాగా విసిరితే పేరు వాడిది, వాడు కింద పడితే తప్పు వీళ్ళది. డెక్కర్ కూడా కుర్రతనంలో ఇదే కాలేజీలో, ఇదే లైన్‌లో ఆడాడు. మోకాళ్ళు రెండూ అరగదీసుకుని ఇక్కడే ఉండిపోయాడు. హెడ్ కోచ్‌లు వచ్చారు, పోయారు. డెక్కర్ మాత్రం గుంజలా పాతుకుపోయాడని ఊళ్ళో వేళాకోళం. ఆయనకు ఆ మాట ఇష్టమే.

అందరూ ఓబీ అని పిలిచే ఓబడయా ప్రూయిట్‌ని తెచ్చింది ఆయనే. నది ఒడ్డున, ఉక్కు మిల్లు మూతపడిన ఊళ్ళో, బడి జిమ్‌లో కుస్తీ పడుతుండగా చూశాడు. ఒక్క పెద్ద కాలేజీ కూడా ఓబీ గడప తొక్కలేదు. వాడి తల్లి లొరెట్టా వృద్ధాశ్రమంలో మంచాన పడ్డవాళ్ళని ఎత్తి దించే పని చేస్తుంది. "ఆట సంగతి తర్వాత కోచ్, వీడికి కడుపునిండా తిండి పెట్టగలరా, ముందు అది చెప్పండి," అంది ఆవిడ. డెక్కర్ భార్య మార్లీన్ పెట్టింది. మూడేళ్ళు పెట్టింది. డెక్కర్ వాడికి అడుగు నేర్పాడు. ఎడమ కాలు ఎంత జరపాలి, చెయ్యి ఎప్పుడు చాచాలి, ఎప్పుడు ఓపిక పట్టాలి. మూడో ఏడు వచ్చేసరికి ఓబీ ఎడమ కొసన నిలబడితే ఆ వైపు నుంచి ఈగ కూడా దూరేది కాదు.

అక్కడే డెక్కర్ ఒళ్ళు మరిచాడు.

ప్రతి వసంతంలోనూ కోచ్‌లంతా ఒక హోటల్లో చేరి ఒకరికొకరు పాఠాలు చెప్పుకుంటారు. ఆటలో వేసే ఎత్తులు దాచుకుంటారు గానీ, నేర్పే విద్య దాచుకోవడం వాళ్ళలో నామర్దా. కిందటి వసంతంలో డెక్కర్‌కి గంట సేపు ఇచ్చారు. ఆయన ఓబీ వీడియోలు వేసి, ముందుకూ వెనక్కూ తిప్పి, "ఈ కాలు చూడండి, ఈ కాలు చూడండి," అంటూ మురిసిపోయాడు. వెనక వరసల్లో పెద్ద కాలేజీల కోట్లు వేసుకున్నవాళ్ళు నిలబడి మరీ విన్నారు. చప్పట్లు కొట్టారు. ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ఒక పెద్ద కాలేజీలో ఉన్న కర్ట్ హాలెన్ వచ్చి కావలించుకుని, "గురువుగారూ, ఏం తయారుచేశారండీ వీణ్ణి!" అన్నాడు. డెక్కర్ పొంగిపోయాడు. పాత రోజుల్లో అయితే ఆ పొంగుకి నష్టం లేదు. కాలేజీ మారిన కుర్రాడు ఏడాది పాటు ఆడకుండా కూర్చోవలసి వచ్చేది, ఆటకి డబ్బు తీసుకోవడమే నేరం. ఇప్పుడు ఆ రెండు కట్లూ తెగాయి. జనవరిలో రెండు వారాలు తలుపు తెరుస్తారు. మారదలచినవాడు పేరు ఇస్తాడు, కావలసినవాళ్ళు డబ్బిచ్చి తీసుకుపోతారు. ఈ సంగతి డెక్కర్‌కి తెలియక కాదు. తెలిసీ, తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

పేరు ఇవ్వకముందు పరాయి కోచ్‌లు కుర్రాడితో మాట్లాడకూడదు. హాలెన్ మాట్లాడలేదు కూడా. ఓబీకి మేనమామ వరసయ్యే ఒకాయనకి ఎవరో ఫోన్ చేశారు, ఆ మేనమామ లొరెట్టాకి చేశాడు. హాలెన్ కాలేజీకి వస్తే ఏడాదికి ఆరు లక్షల డాలర్లు. హాడ్లీలో కార్ల షోరూం ఆయనా, పిజ్జా కొట్టు ఆయనా ఊరంతా తిరిగి చందాలు పోగుచేసి ఓబీ చేతిలో పెడుతున్నది దాని ముందు చిల్లర.

మంగళవారం హెడ్ కోచ్ ట్రెంట్ గాస్‌వే డెక్కర్‌ని తన గదికి పిలిపించాడు. డెక్కర్ కంటే బాగా చిన్నవాడు, తెల్లటి పళ్ళు, నున్నటి మాట.

"డెక్, కూర్చోండి. ఓబీ ఏమంటున్నాడు?"

"నాకేం చెప్పలేదు."

"మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాడు? చూడండి, దాపరికం ఎందుకు. వాడు పోతే ఆ చోట్లోకి ఇంకొకణ్ణి కొనాలి. పైవాళ్ళని అడిగాను. కొత్త డబ్బు లేదన్నారు. ఉన్న జీతాల్లోంచే సర్దుకోమన్నారు."

డెక్కర్‌కి అర్థమైంది. అయినా అడిగాడు. "ఎవరి జీతం?"

గాస్‌వే కిటికీలోంచి బయటికి చూశాడు. "మీ పని ఎవడైనా కుర్రాడు సగం జీతానికి చేస్తాడు. ఇష్టమై చెప్పట్లేదు డెక్. శుక్రవారం దాకా టైముంది. వాడితో మాట్లాడండి. మీ ఉద్యోగం వాడి చేతుల్లో ఉందని చెప్పండి. మీ ఇంటి తిండి తిన్నవాడు, మిమ్మల్ని రోడ్డున పడేసి పోడు."

"అలా చెప్పమంటావా?"

"అబద్ధం చెప్పమన్నానా? ఉన్నమాటేగా."

అదే డెక్కర్‌ని తినేసింది. అబద్ధం చెప్పమని ఉంటే నాలుగు తిట్టి బయటికొచ్చేవాడు. నిజం చెప్పమన్నాడు. ఆ నిజం వింటే ఓబీ కదలడు, ఇక్కడే కట్టుపడిపోతాడు. పెట్టిన తిండికి ఆ రకంగా బిల్లు వేయడమా?

ఇంటికెళ్ళి చెప్పగానే మార్లీన్ గరిటె విసిరికొట్టింది. "ఆ గాస్‌వేకి బొడ్డూడకముందు నుంచీ ఉన్నావు నువ్వక్కడ! సగం జీతానికి చేస్తారట, సగం జీతానికి!" తర్వాత గరిటె తీయడానికి వంగబోయి, తుంటి పట్టేసి, బల్ల పట్టుకుని ఆగిపోయింది. వచ్చే వసంతంలో తుంటి మార్పిడికి ఆసుపత్రిలో తేదీ కూడా ఇచ్చారు. బీమా ఆయన ఉద్యోగంతోనే ఉంది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"చెప్తావా ఓబీకి?" అంది చివరికి.

"తెలీదు."

"చెప్తే ఉంటాడు."

"ఉంటాడు. అదేగా నా భయం."

బుధవారం మధ్యాహ్నం మైదానం పక్కన ట్రక్కులో కూర్చుని డెక్కర్ ఇంజను వేడెక్కే దాకా చూస్తుంటే ఓబీయే వచ్చి తలుపు తీసుకుని ఎక్కాడు. ట్రక్కు ఆ వైపుకి కుంగింది.

"కోచ్, మీకు తెలిసే ఉంటుంది."

"ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసురా."

ఓబీ నవ్వబోయి మానేశాడు. "నాకేం తోచట్లేదు. అమ్మేమో నీ ఇష్టం నాన్నా అంటుంది. నిన్న ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ అబ్బా అంది. నడుం. ఏంటమ్మా అంటే ఏం లేదంటుంది." ఆయన వైపు తిరిగి అడిగాడు. "అక్కడ నన్ను ఆడిస్తారా కోచ్? తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెడతారా? నిజం చెప్పండి."

తప్పించుకోవడానికి మంచి సందు. కూర్చోబెడతారురా అంటే చాలు, ఇల్లు నిలబడుతుంది. మాట నాలిక చివరి దాకా వచ్చింది.

"ఆడతావు," అన్నాడు డెక్కర్. "మొదటి ఆట నుంచే ఆడతావు. హాలెన్ వెధవే గానీ పని తెలిసిన వెధవ. నేను నేర్పిందే నేర్పుతాడు. అలిసిపోతే నీ కుడి చెయ్యి కిందికి జారుతుంది, అది చూసుకో."

"అది మీరు అరుస్తారుగా."

"నేనక్కడ ఉండనురా."

వాడు అద్దం మీద కరుగుతున్న మంచు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "నేను పోతే మీకేమన్నా అవుతుందా? గాస్‌వే కోచ్ మిమ్మల్ని పిలిచాడట. మన లైన్‌లో జుప్కో చెప్పాడు."

డెక్కర్ వైపర్లు ఒకసారి తిప్పి ఆపాడు. వీడు ఈ ప్రశ్న అడగకూడదని నిన్నటి నుంచి అనుకుంటున్నాడు. అడిగితే బాగుండునని కూడా అనుకున్నాడు, అందుకు సిగ్గుపడ్డాడు. బల్ల పట్టుకుని ఆగిపోయిన మార్లీన్ కళ్ళముందు మెదిలింది.

"నాకేమవుతుందిరా? ఐదుగురు హెడ్ కోచ్‌లని సాగనంపాను, ఈయన్నీ సాగనంపుతాను. పిలిచింది ఆ జుప్కో గాడి బరువు గురించి. వాణ్ణి బంగాళాదుంపలు తగ్గించమను ముందు."

ఓబీ ఆయన మొహంలోకి చూశాడు. డెక్కర్ చూపు తిప్పుకోలేదు. నీ కాలు ఎటు కదలబోతోందో ఎదుటివాడికి తెలియనివ్వకు అని ఇన్నేళ్ళుగా కుర్రాళ్ళకి చెప్పిందీ ఆయనే.

గురువారం మార్లీన్ పంది మాంసం, పులిసిన క్యాబేజీ, గిన్నెడు మెదిపిన బంగాళాదుంప వండింది. కుర్రాళ్ళు మైదానంలో నిలబడే వరసలోనే బల్ల చుట్టూ కూర్చున్నారు. నడిమధ్యన జుప్కో, ఎడమ కొసన ఓబీ. అందరూ పళ్ళేల్లోకి చూస్తూ తిన్నారు.

"ఏంట్రా ఇది, భోజనాలా, దినాలా?" అన్నాడు జుప్కో. ఎవరూ నవ్వకపోయేసరికి వాడే తల దించుకుని దుంప తిన్నాడు.

ఓబీ అందరికంటే ముందు లేచాడు. పళ్ళెం పట్టుకుని సింకు దగ్గరికి వెళ్ళాడు. కుళాయి తిప్పి, తన పళ్ళెం తోమి, చెక్క స్టాండులో పెట్టాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తన ఒక్క పళ్ళెమే. డెక్కర్ గుండెల మీది నుంచి బండ దిగినట్టయింది. ఉంటున్నాడు వీడు! అడక్కుండానే, చెప్పకుండానే ఉంటున్నాడు. బల్ల అవతల మార్లీన్ కళ్ళు మూసుకుంది. ఓబీ తలుపు పక్కన కోట్లు తగిలించిన మేకుల దాకా వెళ్ళాడు. అక్కడ కాసేపు వీళ్ళకి వీపు చూపిస్తూ నిలబడ్డాడు. తర్వాత కోటు తీసుకోలేదు. స్వెట్టర్ విప్పి మేకుకి తగిలించి, చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుంటూ వెనక్కి వచ్చి, జుప్కో ముందున్న పళ్ళెం తీసుకున్నాడు.

ఒక్కొక్కటే తీసుకుపోయాడు. డెక్కర్ పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి కాస్త ఆగింది. మార్లీన్ భర్త వైపు చూసింది. ఇప్పుడైనా చెప్పు అన్నట్టు చూసిందో, చెప్పకు అన్నట్టు చూసిందో ఆయనకి తెలియలేదు. ఆయనే పళ్ళెం ఎత్తి వాడి చేతికిచ్చాడు.

శుక్రవారం పొద్దున ఓబీ పేరు ఇచ్చేశాడు. సోమవారానికల్లా హాలెన్ కాలేజీలో సంతకం పెట్టాడు. గాస్‌వే డెక్కర్‌ని పిలిచి అడిగింది ఒక్కటే మాట.

"చెప్పారా వాడికి, మీ ఉద్యోగం సంగతి?"

"లేదు."

"మీరు పిచ్చివాళ్ళు డెక్."

"తాళాలు ఎవరికివ్వాలి?" అన్నాడు డెక్కర్.

మరుసటి గురువారం కుర్రాళ్ళు మామూలుగానే వచ్చారు. వాళ్ళకింకా ఏమీ తెలియదు. ఎడమ కొస కుర్చీలోకి పక్కవాడు జరిగి, కూర్చోవాలా వద్దా అన్నట్టు అంచు మీద కూర్చున్నాడు. తిండి తిన్నారు, కాస్త నవ్వుకున్నారు కూడా. అప్పుడు డెక్కర్ లేచాడు. చొక్కా చేతుల గుండీలు విప్పి పైకి మడిచాడు. జుప్కో ముందున్న పళ్ళెం మీద చెయ్యి వేశాడు.

"అయ్యో, మీరు కూర్చోండి కోచ్, మా పళ్ళేలు మేం..." అన్నవాడు అక్కడే ఆగిపోయాడు. బల్ల చుట్టూ నవ్వు ఒక్కసారి చల్లారింది. మార్లీన్ పొయ్యి వైపు తిరిగింది. కట్టుబాటు అందరికీ తెలుసు. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, ఎవరూ మాట్లాడలేదు. ఆయన పళ్ళేలన్నీ సింకులో పేర్చుకుని కుళాయి తిప్పాడు. చివర్లో ఒక్క మాట చెప్పుకుందామనుకున్నాడు, ఓబీకి మాత్రం చెప్పకండిరా అని.

అంతలో బల్ల మీద జుప్కో ఫోన్ మోగింది. వీడియో కాల్, తెర నిండా ఓబీ మొహం. జుప్కో అలవాటుకొద్దీ వేలు నొక్కేశాడు.

"ఒరేయ్ దుంపా! నా కుర్చీలో ఎవడు కూర్చున్నాడ్రా? చూపించు!"

జుప్కో గబుక్కున ఫోన్‌ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు.

"ఏంట్రా, ఇంటి కప్పు చూపిస్తావు? అందరూ చచ్చారా ఏంటి? మిస్ మార్లీన్, వీళ్ళు మాట్లాడరేంటండీ?"

ఎవరూ పలకలేదు. నీళ్ళ చప్పుడు, పళ్ళెం మీద పళ్ళెం తగిలిన చప్పుడు. ఓబీ కూడా ఆగాడు. వారం కిందట ఆ చప్పుడు వాడి చేతుల కిందే పుట్టింది, వాడి వెనక ఇదే మౌనం.

"జుప్కో," అన్నాడు. "ఎవర్రా కడుగుతున్నది? ఎవరు వెళ్ళిపోతున్నారు?"

జుప్కో ఆయన వీపు వైపు చూశాడు. డెక్కర్ కుళాయి కట్టేశాడు. చేతిలో ఆఖరి పళ్ళెం ఇంకా నురగతోనే ఉంది.

"కోచ్?" అంది ఫోన్.

ఆయన వెనక్కి తిరగలేకపోయాడు.