సుభద్రత్తయ్యకు నేను చదవని పేజీ

మొన్న మా ఆఫీసు పక్క ఇంట్లో ఎవరో చల్ల మిరపకాయలు వేయించారు. మీటింగు గది కిటికీ కాస్త తెరిచి ఉన్నట్టుంది, ఘాటంతా లోపలికి వచ్చేసింది. బల్ల చుట్టూ ఆరుగురం ఉన్నాం. అయిదుగురు దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. నేను మాత్రం కూర్చున్న చోటే గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. అంతకు ముందు నిమిషమే మా క్రియేటివ్ హెడ్ ఒక ప్రశ్న వేశాడు. మేం ఒక మంత్రాల నవలను వెబ్ సిరీస్‌గా మారుస్తున్నాం, స్క్రిప్టు రాసేది నేను. అందులో పడవ నడిపే ముసలమ్మ ఒకామె నాయికను ఏరు దాటించి, తర్వాత ఆమె ఆచూకీ శత్రువులకు చెప్పేస్తుంది. "మేడమ్, ఈవిడ పాజిటివా, నెగెటివా? తేల్చేద్దాం. నెగెటివ్ అయితే వయసు తగ్గించి గ్లామర్ ఉన్న అమ్మాయిని పెట్టేద్దాం" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ఆ ఘాటు వచ్చింది. వాళ్లు దగ్గుతున్నంతసేపూ నేను నిడదవోలులో, సుభద్రత్తయ్య మెస్సులో ఉన్నాను.

సుభద్రత్తయ్య మాకు చుట్టం కాదు. మా పక్కింటావిడ. భర్త పోయాక స్టేషనుకు దగ్గరలో మెస్సు పెట్టుకుని, రైల్వే ఉద్యోగులకు రెండు పూటలా భోజనం వండి పెట్టేది. భారీ మనిషి, భారీ గొంతు. అప్పట్లో ఆవిడ రెండు కళ్లకూ శుక్లాలు. ఎదుట నిలబడ్డ మనిషి నీడలా తప్ప కనిపించేవాడు కాదు. అయినా వంటలో ఉప్పు ఒక్కనాడు తప్పలేదు. పోపు చప్పుడును బట్టి ఆవాలు చిటపటలాడాయో మాడాయో చెప్పేసేది. అడుగుల చప్పుడును బట్టి వచ్చినవాడు పప్పు తింటాడో పెరుగుతో సరిపెడతాడో కూడా చెప్పేది. ఈ రెండోది గొప్పకు చెప్పుకునేదని మా అమ్మ అనుమానం.

నేనప్పుడు ఏడో తరగతి. మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక, సెలవు రోజుల్లో, ఆవిడకు పుస్తకం చదివి పెట్టడం నా పని. ఆ పుస్తకం పేరు 'నీలిరాళ్ల కోట'. వాళ్లాయన ఎప్పుడో రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద కొని తెచ్చాడట. తీరిక దొరికాక చదువుదామని దాచుకుంటే, తీరిక దొరికేసరికి చూపు మసకేసింది. జయంతుడనే రాకుమారుడు, ఒక మాంత్రికుడు, ఆ మాంత్రికుడి కోటలో గుట్టలు గుట్టలుగా నీలిరాళ్లు. నేను గొంతు మార్చి మార్చి చదువుతుంటే ఆవిడ చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ వినేది. వినడమంటే ఊరికే వినడం కాదు, కథలో అందరినీ తన మెస్సుకు వచ్చిన వాళ్లలాగే చూసేది.

"ఆగవే అమ్మలూ. ఆ పిల్లాడు మూడు రోజుల్నుంచి గుర్రం మీదే ఉన్నాడు. ఎక్కడైనా తిన్నాడా?"

"పుస్తకంలో రాయలేదత్తయ్యా."

"రాయలేదంటే తినలేదనే. కత్తియుద్ధం ఎలా చేస్తాడే ఖాళీ కడుపుతో? రాసినాయనకు ఇంట్లో ఎవరో వండి పెట్టేవాళ్లున్నారు, అందుకే తెలీలేదు."

అందుకే ఆ పుస్తకం మొత్తంలో ఆవిడ నమ్మిన మనిషి ఒక్కతే, పుల్లమ్మ. మాంత్రికుడి వంటింట్లో పనిచేసే ముసలిది. కోటలోకి దొంగతనంగా వచ్చిన జయంతుణ్ని ధాన్యం గాదెలో దాచి, వేడన్నం పెడుతుంది. ఆ పేజీ చదివిన రోజు అత్తయ్య చేతిలో చిక్కుళ్లు వదిలేసి, "చూశావా, వంట చేసేదానికే తెలుస్తుందే మనిషి ఆకలి" అంది. మర్నాడు మెస్సుకు వచ్చిన వాళ్లందరికీ పుల్లమ్మ గురించి చెప్పింది.

ఆ తర్వాతి ఆదివారం నాకు చిక్కొచ్చి పడింది. చదువుతూ చదువుతూ కళ్లు రెండు వాక్యాలు ముందుకు పోయాయి. పుల్లమ్మ నేరుగా మాంత్రికుడి దగ్గరకు వెళ్లి, రాకుమారుడు గాదెలో ఉన్నాడని చెప్పేస్తోంది. నేను తలెత్తి చూశాను. అత్తయ్య కనిపించని కళ్లు నా వైపు తిప్పి, నోరు కాస్త తెరిచి, చంటిపిల్లలా వింటోంది. నాకు ఆ వాక్యం చదవబుద్ధి కాలేదు. "అప్పుడు మాంత్రికుడి చిలక గాదె మీద వాలి, లోపల రాకుమారుణ్ని చూసేసింది" అని చదివేశాను. పుస్తకంలో చిలకే లేదు.

ఒక అబద్ధం ఆడాక ఇక ఆగడానికి ఉండదు. అక్కణ్నుంచి పుల్లమ్మ పేరు కనిపిస్తే చాలు, పేజీ తిప్పేసేదాన్ని. నేనూ చదివేదాన్ని కాదు. అక్కడ ఖాళీ వచ్చినప్పుడల్లా చిలక చేత ఏదో ఒకటి చేయించేదాన్ని. చివర్లో జయంతుడి పట్టాభిషేకానికి పుల్లమ్మ చేత రాజ్యమంతటికీ బూరెలు వండించాను. అత్తయ్య పరమానందపడి, "ఎన్ని బూరెలే?" అని అడిగింది. నేను వెయ్యి అన్నాను. "రాజ్యానికి వెయ్యేం సరిపోతాయే" అని పదివేలు చేయించింది.

మరుసటి ఏడాది ఆ కథే టీవీలో సీరియల్‌గా వచ్చింది. ఆదివారం పొద్దున్నే మా వీధంతా గార్డు మూర్తి గారింట్లో చేరేది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు, వీధిలో మొదటి కలర్ టీవీ ఆయనదే. అత్తయ్యకు బొమ్మ కనిపించకపోయినా ముందు వరసలో కూర్చునేది. నేను పక్కన కూర్చుని చెవిలో చెప్పాలి. పుల్లమ్మ రాగానే నాకే మతి పోయింది. ముసలిది కాదు. పాతికేళ్ల పిల్ల, నల్ల పట్టుచీర, చెవుల దాకా కాటుక. వంటింట్లోకి అడుగైనా పెట్టలేదు. గాదె తలుపు గడియ పెట్టి, పకపకా నవ్వి, మాంత్రికుణ్ని పిలిచేసింది.

ఆ నవ్వు ఆగకముందే అత్తయ్య లేచి నిలబడింది.

"ఇదేం అన్యాయమండీ? పుల్లమ్మ అలాంటిది కాదు. టీవీ వాళ్లు మార్చేశారు!"

గార్డు గారు మెల్లగా అన్నారు. "లేదండీ సుభద్ర గారూ. వయసు మార్చారు గానీ, పట్టించడం పుస్తకంలోనూ ఉందండి. డ్యూటీలో ఉండగా రెండుసార్లు చదివాను."

"మా అమ్మలు చదివిందండీ నాకు! అక్షరం అక్షరం చదివింది. అలా ఉందని తేలిందా, ఈ జన్మలో మళ్లీ గరిటె ముట్టుకోను!"

వీధంతా చప్పట్లు కొట్టింది. నేను తప్ప. ఆ వారమే ఆవిడకు రాజమండ్రిలో కంటి ఆపరేషనని నాకు తెలుసు. చూపొస్తే మొదట చదివేది ఆ పుస్తకమే. చదివితే మెస్సు మూతపడుతుంది, కారణం నేను. బయల్దేరే రోజు పొద్దున్న, రాజమండ్రి ప్యాసింజరు రాకుండా పోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఒక మనిషికి చూపు రాకూడదని కోరుకున్నాను. ఈ మాట ఇన్నేళ్ల తర్వాత రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. ఆ ప్యాసింజరు, ఎన్నడూ లేనిది, సరిగ్గా సమయానికే వచ్చింది.

నెల తర్వాత ఆవిడ సోడాబుడ్డి కళ్లద్దాలతో పుస్తకం పట్టింది. నాలుగు రోజులు నేను వాళ్ల గుమ్మం వైపు పోలేదు. అయిదో రోజు కబురొచ్చింది. వెళ్లేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో పుస్తకం, దాని మీద పసుపు వేలిముద్రలు. అద్దాల వెనక కళ్లు ఇంతింత పెద్దవిగా కనిపించాయి. మొదటిసారి ఆవిడ నన్ను నిజంగా చూసింది.

"ఇంత బక్కగా ఉంటావేంటే నువ్వు?" అంది ముందు. తర్వాత, "చిలకేదే?" అంది.

నేను ఏడ్చేశాను. "మీరు బాధపడతారని మార్చానత్తయ్యా" అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. పదివేల బూరెలు గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. నవ్వు ఆగాక పుస్తకం తెరిచి, నేను తిప్పేసిన పేజీల్లో ఒకటి నా చేతికిచ్చింది.

"ఇది చదువు. ఉన్నదున్నట్టు."

చదివాను. ఆ నీలిరాళ్లన్నీ మాంత్రికుడు రాళ్లుగా మార్చేసిన మనుషులే. వాటిలో ఒకటి పుల్లమ్మ కొడుకు. ఆవిడ రోజూ వంటయ్యాక మొదటి ముద్ద తీసుకెళ్లి ఆ రాయి ముందు పెడుతుంది. పొద్దున్నకు ముద్ద అలాగే ఉంటుంది. అయినా మళ్లీ పెడుతుంది. రాకుమారుణ్ని పట్టిస్తే కొడుకును తిరిగి మనిషిని చేస్తానని మాంత్రికుడు మాటిచ్చాడు.

"పట్టించడం తప్పేనే. నేనేం కాదనను" అంది అత్తయ్య. "కానీ ఆ టీవీ వాళ్లు దాన్ని చెడ్డదాన్ని చేద్దామని ఆ ముద్ద తీసేశారు. నువ్వు మంచిదాన్ని చేద్దామని అదే ముద్ద తీసేశావు. ఇద్దరిదీ ఒకటే పని. కథ మార్చుకుంటే మార్చుకో, మార్చానని చెప్పి మార్చుకో. అంతేగానీ ముద్ద ఎలా తీసేస్తావే?"

నేను ఆ పేజీ మళ్లీ మొదట్నుంచి చదివాను.

ఆ ఆదివారం సీరియల్ మొదలయ్యే ముందు అత్తయ్య అందరి మధ్యా నిలబడింది. "గార్డు గారండీ, మీరన్నదే నిజమండి. ఆ రోజు పిల్ల సరిగ్గానే చదివింది. నేనే కునుకు తీసి ఏదో విన్నాను" అంది. అంత గొంతున్న మనిషి ఆ మాట చిన్నగా అంది. నన్ను కాపాడటానికి తన మాట తనే పోగొట్టుకుంటోందని అర్థమై నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి, "అత్తయ్య నిద్రపోలేదండి. నేనే మార్చి చదివాను" అన్నాను.

అత్తయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. గార్డు గారు గొంతు సవరించుకుని, "తప్పు పిల్లది కాబట్టి గరిటె ఒట్టు చెల్లదండీ. చెల్లితే మధ్యాహ్నం నేనేం తినాలి?" అన్నారు. వీధంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే అత్తయ్య పుస్తకం నా చేతిలో పెట్టింది. ముద్ద ఉన్న పేజీ అందరికీ చదివాను. టైటిల్ పాట వస్తుంటే ఎవరో వెళ్లి టీవీ కట్టేశారు. చదవడం అయ్యాక గార్డు గారు, "రెండుసార్లు చదివానండీ. పట్టించిందనే గుర్తుంది. ఇది గుర్తే లేదు" అన్నారు. ఆ తర్వాత పిల్లలు చిలక కథ కూడా చెప్పమని పట్టుబట్టారు. మార్చింది నేనేనని ముందే చెప్పి, అదీ చెప్పాను. నేను ఈ వృత్తిలోకి ఎలా వచ్చానని అడిగిన వాళ్లకు ఏవేవో చెబుతుంటాను గానీ, వచ్చింది ఆ గదిలోంచే.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. చివరి దాకా గరిటె వదల్లేదు. పుస్తకం నా దగ్గరే ఉంది, పసుపు వేలిముద్రలతో సహా.

మొన్న ఘాటు తగ్గాక ఒక్కొక్కరే గదిలోకి వచ్చి కూర్చున్నారు. క్రియేటివ్ హెడ్ కళ్లు తుడుచుకుంటూ, "ఇంతకీ పాజిటివా మేడమ్, నెగెటివా?" అని మళ్లీ అడిగాడు. నేను నవల తెరిచి, ఎవరూ గుర్తు పెట్టుకోని ఒక పేజీ చదివాను. పడవ ముసలమ్మ ప్రతి సాయంత్రం అవతలి గట్టుకు ఖాళీ పడవ ఎందుకు నడుపుతుందో అందులో ఉంది. అది రాసినాయన మూడే వాక్యాల్లో చెప్పి వదిలేశాడు. గదిలో ఎవరూ ఫోను చూసుకోలేదు.

అయినా వయసు తగ్గించేశారు. హీరోయిన్ చెల్లెలిలా ఉండే అమ్మాయిని పెట్టారు. నల్ల పట్టుచీర కూడా కట్టిస్తారట. ఏం మార్చామో స్క్రిప్టు మొదటి పేజీలోనే రాసి నవల రాసినాయనకు పంపాను. కానీ ఖాళీ పడవ సీను మాత్రం నేను తియ్యనివ్వలేదు. అదెందుకంత ముఖ్యమని ఎవరో అడిగితే, "అది ఆవిడ పెట్టే ముద్దండీ" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అందుకే ఇదంతా రాయాల్సి వచ్చింది.