థేన్ కొట్టిన జింక

"అది మా జింకయ్యా! జూన్ నుంచీ మా వేడ్ దాని వెనకే తిరుగుతున్నాడు. దీన్ని కొట్టడానికి డబ్బు కట్టినాయన విమానం దిగొస్తున్నాడు, ఆయనకేం చెప్పమంటావు?" వేట కంపెనీ యజమాని కింబల్ అరుస్తున్నాడు.

"దీనికి అంత పెద్ద చెవులున్నాయి కదా, వాటికి మీ కంపెనీ బిళ్ళ ఒక్కటీ కనపళ్లేదే," అన్నాడు థేన్, చచ్చిన కంచరగాడిద చెవుల మ్యూల్ జింక పక్కన మోకాళ్ల మీద కూర్చుని కత్తి నూరుకుంటూ.

కింబల్ దగ్గర జింకల జాడలు తీసే వేడ్ పక్కనే నిలబడి ఉన్నాడు. అమెరికాలోని ఈ యూటా కొండల్లో ప్రతి నీటిగుంట దగ్గరా కెమెరా కట్టి, పెద్ద కొమ్ముల మగజింకలన్నిటికీ పేర్లు పెట్టింది అతనే. దీన్ని బిషప్ అనేవాడు. థేన్ లాంటి ముసలాళ్లనూ ఏటా చూస్తూనే ఉంటాడు. అతుకులేసిన ఉన్ని కోటుతో, గైడు లేకుండా, పాత పికప్పు ట్రక్కులో ఒంటరిగా వస్తారు. చల్లారిన బంగాళదుంపలు ఉప్పద్దుకుని తింటారు. దుర్భిణిని చొక్కా అంచుతో తుడుచుకుంటారు. వట్టి చేతులతో వెళ్లిపోతారు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి దరఖాస్తు పెడుతుంటే, థేన్‌కి ప్రభుత్వ లాటరీలో వేట పర్మిట్ ఈ ఏడు తగిలింది. ఈ వయసులో మళ్లీ తగలదు.

కింబల్ తిట్టుకుంటూ కొండ దిగిపోయాడు. వేసవంతా పడ్డ పాటు మట్టిలో కలిసినా వేడ్‌కి కోపం రాలేదు, అసలేమీ రాలేదు. థేన్ మొహంలోనూ ఏమీ లేదు. ఆ వెడల్పాటి కొమ్ముల్ని ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చినట్టు పట్టుకున్నాడు.

"పొదలోంచి తలెత్తింది, కాల్చేశాను. నేను చూసింది అంతే," అన్నాడు. వేడ్ జేబు వైపు చూశాడు. "నీ కెమెరాలు తీసింది నీ ఫోన్లో ఉంటుందిగా నాయనా. ఇది నడిచేది ఒక్కసారి చూపించవూ?"