ఏమీ జరగని సినిమా

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. ఫోటోగ్రాఫరు ఎన్నాళ్ళుగానో మూలపడి ఉన్న ఫోకస్ లైటు ఒకటి తెచ్చి వెలిగించాడు. దాని మీది దుమ్ము కాలిన కమురు, వేడెక్కిన రేకు వాసనతో కలిసి మండపమంతా పాకింది. పక్కనున్నవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని దయామణి టీచరమ్మను తలుచుకుంటూ నిలబడిపోయాను. తీరా చూస్తే తాళి కట్టడం అయిపోయింది.

ఆమె ప్రొజెక్టరు వెలిగించగానే సరిగ్గా ఆ వాసనే వచ్చేది. జమ్మలమడుగులో ఇద్దరం ఒకే బళ్ళో పనిచేశాం. ఆమె సైన్సు, నేను లెక్కలు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, ఆమెకు యాభై దాటాయి. ముత్తాతల నాడు మిషన్‌లో కలిసిన కుటుంబం, ఇంటినిండా పంతుళ్ళే. నెలకొక ఆదివారం చర్చి వదిలాక బడి హాలు కిటికీలకు కంబళ్ళు కట్టించి, పట్నంలోని ఫిల్మ్ సొసైటీ బస్సు మీద పంపిన రీళ్ళు వేసేది. పాటలు, ఫైట్లు లేని సినిమాలు. మనకు రాని భాషలో ఉంటే తెర పక్కన నిలబడి, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చూస్తూ తెలుగులో చెప్పేది. వాటి గురించి జిల్లాలో ఇంకెవరికైనా పట్టిందో లేదో నాకు తెలియదు.

అవి పార్టీ కక్షల రోజులు. ఊరికి రెండు జీపులు, రెండు జెండాలు. మా వైపు మగవాళ్ళు వాకిలికి వీపు పెట్టి కూర్చునేవారు కాదు. మొదటి ఆదివారం ముందు బెంచీలన్నీ ఖాళీ, జనమంతా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు.  మరుసటి నెలకు టీచరమ్మ బెంచీలను రెండు వైపులా గోడల పొడవునా వేయించింది, అందరి వీపులూ గోడకే. తెర చూడాలంటే మెడ తిప్పాలి.

"ఇదేంది టీచరమ్మా, మెడలు పట్టుకుంటాండాయి" అన్నాడొక పెద్దమనిషి.

"వీపులు బాగుండాయి కదప్పా. మెడలు కాసేపు ఓర్చుకోండి" అంది ఆమె, రీలు ఎక్కిస్తూ.

ఏ సినిమా చూడాలో చెప్పడానికి ఆమెకొక పద్ధతుండేది. గేటు పక్క నల్లబల్ల మీద పేరు రాసేది కాదు, బాగుందని రాసేది కాదు, కథ అసలే రాసేది కాదు. ఒక్క వాక్యం, అంతే. "ముసలామె ఎర్రగడ్డలు తరిగేటప్పుడు చేతులు చూడండి." "పిల్లోడు అబద్ధం చెప్పినాక ఎటు చూస్తాడో చూడండి." ఒకసారి ఆమెకు జ్వరమొస్తే ఆ పని నాకు అప్పగించింది. నేను ఉత్సాహం పట్టలేక బల్ల నిండా కథంతా రాసి, చివర "మహత్తరం" అని రెండుసార్లు గీత గీశాను. తగ్గి లేచి వచ్చి అది చూసింది. "నువ్వే చూసేసి చెప్తే వాళ్ళు వచ్చి ఏం చూస్తారు పాపా? యాడ చూడాలో చెప్పు, ఏం కనపడతాదో చెప్పగాకు" అని తడిగుడ్డతో తుడిచేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా సొంతూరు సింహాద్రిపురం దగ్గర. మా అన్న ఓబులేసు అక్కడి నాయకుడి జీపులో ముందు సీటు మనిషి. ఆ జీపు ఏడాదిలో ఇద్దరిని పోగొట్టుకుంది. మూడోవాడు అన్నే అవుతాడని ఊళ్ళో అందరూ అనుకునేవారు, మా ఇంట్లో మాత్రం ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ ఏడు వదిన నారాయణమ్మ కడుపునొప్పికి చూపించుకుంటానని వచ్చి నా దగ్గర ఉంది. డాక్టరమ్మ పరీక్షలు చేసి ఏమీ లేదంది. ఏముందో మా ఇద్దరికీ తెలుసు.

ఆ సంగతి టీచరమ్మతో చెప్పుకున్నాను. "ఆదివారం మీ వదినెను పిల్చుకుని రా" అంది. ఆ వారం నల్లబల్ల మీద "ఇందులో ఏమీ జరగదు" అని ఉంది.

నిజంగానే ఏమీ జరగదు. ఒకాయన సంతలో పని ముగించుకుని వస్తాడు, బస్సు తప్పిపోతుంది, నడిచి ఇల్లు చేరతాడు. గంటంబావు సినిమా. మాటలు లేవు గనుక టీచరమ్మకూ పని లేదు. తక్కిన ఊళ్ళలో జనం నిద్రపోయేవాళ్ళేమో. మా హాల్లో మాత్రం ఊపిరి చప్పుడు కూడా లేదు. దారి మలుపు వస్తే బెంచీలు కిర్రుమన్నాయి. కల్వర్టు కనపడగానే ఎవరో "కింద ఉండారు" అన్నారు. వెనక నుంచి ఒక లారీ వస్తే వదిన నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుని, "ఇంగ అయిపాయ" అంది. లారీ దాటి పోయింది. ఆయన ఇల్లు చేరాడు, పెళ్ళాం కాళ్ళకు నీళ్ళిచ్చింది, తెర తెల్లబడింది. లైట్లు వేసినా ఎవరూ లేవలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "ఏమీ కాలేదు కదా వదినా" అన్నాను. "అదే" అంది.

టీచరమ్మ ఆ రీళ్ళు వెనక్కి పంపకుండా ఇంకో వారం అట్టిపెట్టింది. ఆదివారానికి వదినను తీసుకుపోవడానికి అన్న వచ్చాడు. సినిమా చూస్తే గానీ కదలనని వదిన మొండికేసింది. అన్న నవ్వుకుంటూనే వచ్చి, వాకిలి కనపడే చోటు చూసుకుని గోడకు ఆనుకున్నాడు. అయ్యాక టీచరమ్మ అతని దగ్గరికి వెళ్ళి, "ఏం చూసినావప్పా?" అని అడిగింది.

అన్న తువ్వాలు మడిచి విప్పి మడిచాడు. "ఆ మనిషి ఒక్కతూరి గూడా ఎనక్కి తిరిగి సూడల్యా టీచరమ్మా" అన్నాడు.

అదే సినిమా నేను రెండుసార్లు చూశాను. నాకది కనపడనే లేదు.

ఆ ఎండాకాలం అన్న జీపు దిగాడు. నాయకుడు ఊరికే వదల్లేదు, ఆర్నెల్లు ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. చివరికి మైదుకూరులో వడ్ల మండీలో పనికి కుదిరి, వదినను తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పరుగున వెళ్ళి, మీ సినిమా అన్నను మార్చింది అని టీచరమ్మకు చెప్పాను. ఆమెకు అది రుచించలేదు. "సినిమా చూసి మారేటోళ్ళయితే మన జిల్లా ఎప్పుడో మారేది పాపా. ఆయప్పకు ఇంటికి పోవాలని ముందే ఉండింది. దారి ఎట్లుంటాదో చూసినాడు, అంతే" అంది.

ఆమె పోయినప్పుడు మైదుకూరు నుంచి అన్న వచ్చాడు. చర్చిలో ముందు వరస ఖాళీగా ఉంది. చుట్టూ ఒకసారి చూసి, వెళ్ళి అక్కడే కూర్చున్నాడు, వాకిలికీ అంతమంది జనానికీ వీపు పెట్టి. ప్రార్థన అయ్యేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. లెక్కల టీచర్ని, లెక్కపెడుతూనే ఉన్నాను గనుక చెబుతున్నాను. నాకు ఏడుపొచ్చింది అప్పుడే, శవపేటిక చూసినప్పుడు కాదు.

రిటైరయ్యాక ఒక వారపత్రికలో చూడదగ్గ చిన్న సినిమాల గురించి రాస్తున్నాను. ఒక్కోదానికి నాలుగు వాక్యాలు మించవు. కథ చెప్పరేమని పాఠకులు విసుక్కుంటారు, నేనూ మారను. పోయిన వారం మాత్రం ఒక సినిమాకు "ఇందులో ఒకాయన ఇల్లు చేరతాడు" అని రాసి పంపాను. ఎడిటరు ఫోన్ చేశాడు.

"ముగింపు చెప్పేశారేంటి మేడం? ఇంక చూసేవాళ్ళకేం మిగిలింది?"

"దారంతా మిగిలే ఉంది నాయనా. అట్లే వెయ్యి" అన్నాను.